సినిమా రివ్యూల్లో ‘సహజమైన’ అనే మాటకి అసలు అర్థం ఏమిటి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది భీమవరం పక్కన పల్లెటూరు, కొత్తగా సినిమా రివ్యూలు రాయడం మొదలుపెట్టారు. ఏ రివ్యూ తెరిచినా ‘సహజమైన నటన’, ‘సహజమైన సంభాషణలు’, ‘సహజమైన గోదావరి వాతావరణం’ అనే కనిపిస్తోంది. అదే సినిమా మీరు వెళ్ళి చూస్తే అందులో మీ ఊరి పోలిక ఒక్కటీ కనబడలేదు. సమీక్షకులు ఆ మాట ఏ అర్థంలో వాడుతున్నారు, మీరు కూడా వాడొచ్చా అని మీ సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను. ‘సహజం’ అన్న మాట చాలాసార్లు సినిమా సంగతి చెప్పదు. రాసినవాడికి ఆ విషయం ఎంత తెలుసో, ఎంత తెలియదో చెబుతుంది. తెర మీద ఉన్నది తనకి తెలిసినదానితో పేచీ పడకపోతే సమీక్షకుడు సహజం అంటాడు. అసలు తనకి తెలియని బతుకైతే పేచీ పడే ప్రసక్తే లేదు కాబట్టి అదీ సహజమే అయిపోతుంది. మీరు ఆ మాట నిరభ్యంతరంగా వాడొచ్చు. కాకపోతే ఏది, దేనితో పోలిస్తే సహజంగా ఉందో ఆ పక్క వాక్యంలోనే చూపించగలగాలి.

నేను హైస్కూల్లో తెలుగు మేష్టారుగా చేసి రిటైరయ్యాను. 1990ల చివరి నుంచి ఒక పత్రిక జిల్లా పేజీకి సినిమాల మీద, పరిషత్తు నాటకాల (పోటీ నాటకాల) మీద సమీక్షలు రాశాను. ఈ మాట నేనూ లెక్కలేనన్నిసార్లు వాడాను. దాని మీద అనుమానం ఎక్కడ పుట్టిందో చెబుతాను, మీకు పనికొస్తుంది.

ఒక సినిమాలో హీరో సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుర్రాడు. నేను సమీక్షలో ‘మత్స్యకారుల జీవితాన్ని ఎంతో సహజంగా చిత్రించారు’ అని రాశాను. ఆ వారంలోనే నరసాపురం రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి వైపు వెళ్తున్నాను. అంతర్వేది వైపు మత్స్యకారుడు ఒకాయన, మా బడిలో చదివిన కుర్రాడి తండ్రి, పక్కన నిలబడి పలకరించాడు. పేపర్లో చదివాననీ, సినిమా కూడా చూశాననీ చెప్పి, కాస్త మొహమాటపడుతూ అడిగాడు: “మేష్టారండీ, ఆ బాబు నీళ్ళలోంచి వల లాగి బుజానేసుకుని ఒడ్డుకొత్తాడు కదండి. చొక్కా బుజం మీద పొడిగా ఉందండి. తడి వల బుజాన పడితే నడుం దాకా కారిపోద్దండి. సహజం అని ఎలా రాశారండి?”

నాకు నోట మాట రాలేదు. ఆ సీను నాకు బాగా గుర్తుంది. నేను చూసింది సముద్రం, వెలుతురు, ఆ కుర్రాడి మొహం. ఆయన చూసింది చొక్కా భుజం. నా జీవితంలో తడి వల మోసి ఉంటే నా కళ్ళూ అక్కడికే వెళ్ళేవి. వేట గురించి నాకు ఏమీ తెలియదు కాబట్టే నాకు అది సహజంగా కనిపించింది. ఇంటికొచ్చి పాత సమీక్షల కటింగులు తీసి, ఆ మాట ఎక్కడెక్కడ వాడానో చూసుకున్నాను. చేనేతవాళ్ళ కథ, కల్లుగీత కార్మికుల కథ, ఏజెన్సీ గ్రామాల కథ, అన్నీ నేను దూరం నుంచి చూసిన బతుకులే. మేష్టార్ల మీద వచ్చిన సినిమాలకి మాత్రం ఒక్కదానికీ ఆ మాట వాడలేదు. అక్కడ నాకు తప్పులు కనిపించాయి మరి.

ఇక అర్థాల సంగతి. నేను గమనించినంతవరకు సమీక్షకులు ఈ ఒక్క మాటని కనీసం నాలుగు పనులకి వాడతారు. సెట్టు కాదు, నిజమైన చోట తీశారు అనడానికి. నటుడు గొంతు పెంచలేదు, కళ్ళు పెద్దవి చేయలేదు అనడానికి. మేకప్ తక్కువ అనడానికి. హైదరాబాదు కాని ఊరు, హైదరాబాదు కాని యాస అనడానికి. ఈ నాలుగింటికీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. నిజమైన ఊళ్ళో తీసిన సినిమాలో నటన ఘోరంగా ఉండొచ్చు. సెట్టులో తీసినా చూసేవాళ్ళని నిజంగా ఏడిపించే నటి ఉండొచ్చు. చదివేవాడికి ఇందులో ఏ అర్థమో తెలియక, మొత్తానికి బాగుందట అనుకుంటాడు.

మొదటి అర్థానికి ఒకప్పుడు గట్టి విలువ ఉండేది. సినిమాలన్నీ మద్రాసు స్టూడియోల్లో సెట్లు వేసి తీసే కాలంలో, 1967లో బాపు గారు ‘సాక్షి’ని ఆత్రేయపురం పక్కన పులిదిండిలో తీశారు. అప్పుడు సహజం అంటే ‘అట్ట గోడ కాదు, నిజం గోడ’ అని. ఎవరైనా వెళ్ళి చూసి రావచ్చు. ఇప్పుడు చిన్న సినిమా నుంచి వెబ్ సిరీస్ దాకా అందరూ కోనసీమకి వచ్చేస్తున్నారు. ఆ అర్థంలో ఆ మాటకి ఇక చేసే పని లేదు, అయినా పాత గౌరవం మాత్రం అలాగే అంటిపెట్టుకుని ఉంది.

మన ప్రాంతం దగ్గరకొచ్చేసరికి ఇంకో చిక్కు ఉంది. ‘గోదావరి సహజ సౌందర్యం’ అని రాస్తారు చూడండి, ఆ పచ్చదనం మనిషి చేసింది. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక, కాలువలు తవ్వి, బోదెలు తీసి, చేనుచేనుకీ నీళ్ళు తిప్పితే వచ్చిన పచ్చదనం అది. ఇవాళ్టికీ కాలువల్లో పెరిగే తూడు పీకేవాళ్ళు, గట్టు కట్టేవాళ్ళు, తూము దగ్గర రాత్రి కాపలా పడుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు లేకపోతే ఆ డ్రోన్ షాటు లేదు. సహజం అన్న మాట వాళ్ళ కష్టాన్ని మాయం చేసేస్తుంది. నాకు ఈ మాట మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే.

ఆ పచ్చదనానికి ఒక క్యాలెండర్ కూడా ఉంది. వేసవిలో దాళ్వా (రెండో పంట) కోతలు అయ్యాక కాలువలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో వదులుతారు. మే నెల ఎండలో పెళ్ళి సీను, వెనకాల కాలువ నిండుగా పారుతుంటే మనకి వెంటనే తేడా తెలుస్తుంది. సంక్రాంతి పాటలో పండిన వరి చేను ఊగుతూ ఉంటుంది. ఆ రోజులకి మన దగ్గర సార్వా (మొదటి పంట) కోతలైపోయి కుప్పలు లేచి, దాళ్వా నాట్లు పడుతుంటాయి. ఈ తప్పుల వల్ల సినిమా చెడిపోతుందని నేను అనను. సినిమా బాగుంటే బాగుందనే రాయండి. ‘సహజమైన వాతావరణం’ అనే ముందు మాత్రం ఒక్కసారి కాలువ వైపు చూడండి.

యాస గురించి ప్రత్యేకంగా అడిగారు కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ‘గోదావరి యాసని సహజంగా పలికాడు’ అన్న వాక్యం ఏడాదికి ఎన్నిసార్లు చదువుతామో. చాలా సినిమాల్లో ఆ యాస అంటే ఏమిటంటే, మామూలు పుస్తకం తెలుగులో డైలాగు రాసి చివర ‘ఆయ్’ తగిలించడం. మన దగ్గర ‘ఆయ్’ ఎక్కడ వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళు పిలిచినప్పుడు పలకడానికి, చెప్పింది విన్నానని తెలపడానికి. “ఆయ్, అలాగేనండి.” ఈడువాడితో, కలిసి ఈత కొట్టినవాడితో ఎవరూ ఆయ్ అనరు, ‘ఏరా’ అంటారు. సినిమాలో హీరో తన స్నేహితుడితో, మరదలితో, విలన్‌తో అందరితోనూ ఆయ్ అంటాడు. బయటివాళ్ళకి అది సహజం. మనకి అది ఎవరి ఎదుట నిలబడ్డాడో తెలియని మనిషి మాట.

అసలు యాస ఉన్న చోటు వేరు. వస్తాను ‘వత్తాను’ అవుతుంది, చూస్తాను ‘చూత్తాను’ అవుతుంది, మాట చివర్న కాస్త సాగుతుంది. అది కూడా అందరికీ ఒకేలా ఉండదు. చదువుకున్నవాడు కొత్తవాళ్ళ ముందు ‘వస్తాను’ అనే అంటాడు, ఇంటికెళ్ళి అమ్మతో ‘వత్తన్నా’ అంటాడు. ఒకే మనిషి రెండు రకాలుగా మాట్లాడతాడు. ఆ మారడం పట్టుకున్న నటుడు నాకు దొరికితే పేజీ నిండా రాస్తాను.

‘అండి’ సంగతి ఇంకా సున్నితం. మన దగ్గర తిట్టేటప్పుడు కూడా అండి వదలరు. “మీకేమైనా బుద్ధుందాండి?” అని కళ్ళెర్ర చేసి అడుగుతారు. నా అనుభవంలో కోపం పెరిగిన కొద్దీ అండి గట్టిపడుతుంది. ఇది తెలియని సమీక్షకుడు ఆ సీను చూసి ‘గోదావరి మర్యాద సహజంగా పండింది’ అని రాస్తాడు. అక్కడ జరిగింది మర్యాద కాదు, తెగతెంపులు. వెటకారం కూడా అంతే. వెటకారం ఆడే మనిషి మొహం మీద చిరునవ్వు కూడా ఉండకూడదు, అది ఎదుటివాడికి అరగంట తర్వాత తగలాలి. సినిమాలో వెనకాల మ్యూజిక్ వేసి, నటుడే ముందు నవ్వేసి, అది సహజమైన వెటకారం అంటారు.

అలాగని ఊళ్ళో మాట్లాడింది మాట్లాడినట్టు దించితేనే సహజం అనుకోకండి, అది ఇంకో వైపు పొరపాటు. 1975 నాటి ‘ముత్యాలముగ్గు’లో రావు గోపాలరావు గారి కాంట్రాక్టరు పాత్ర తీసుకోండి. ఆయన కాకినాడ ప్రాంతం మనిషి, మాటలు ముళ్ళపూడి వెంకటరమణ గారివి. ఆ పాత్రలా రోజంతా మాట్లాడే మనిషిని నేనెక్కడా చూడలేదు. ప్రతి మాటా చెక్కి పెట్టిన మాట. అయినా వింటే మన చెవికి ఎక్కడా అడ్డం తగలదు. ఎందుకని? మాట ఎక్కడ ఆపాలో, ఎక్కడ సాగదీయాలో, ఎదుటివాడిని ఎంతసేపు నిలబెట్టాలో ఆ లయ మనదే. మాటలు రచయిత చెక్కినవి, నడక మాత్రం ఊరిది. దీన్ని ‘సహజం’ అని ఒక్క ముక్కలో అనేస్తే ఆ ఇద్దరూ చేసిన పని ఏమిటో చదివేవాడికి తెలియకుండా పోతుంది.

నటనకి వస్తాను. మన రివ్యూల్లో ‘పాత్రలో ఒదిగిపోయాడు’, ‘జీవించాడు’, ‘సహజత్వానికి దగ్గరగా ఉంది’ అనే మాటలు అరిగిపోయాయి. ఇందులో మూడోది నాకు బొత్తిగా అర్థం కాదు, దగ్గరగా అంటే ఎంత దగ్గర? చాలాసార్లు సమీక్షకుడి ఉద్దేశం, నటుడు తక్కువ చేశాడు అని. తక్కువ చేయడం ఒక పద్ధతి మాత్రమే. మన ఊళ్ళల్లో చావు జరిగితే ఎలా ఏడుస్తారో మీరు చూశారు. గుండెలు బాదుకుని, పోయినవాళ్ళ మంచితనం రాగం తీసి చెప్పుకుని ఏడుస్తారు. అది తెర మీద చూపిస్తే ‘ఓవర్ యాక్షన్, నాటకీయంగా ఉంది’ అని రాస్తారు. కిటికీ దగ్గర నిలబడి ఒక్క కన్నీటి చుక్క రాలిస్తే ‘ఎంత సహజం’ అంటారు. ఎవరి ఇంట్లో సహజం అది?

‘నాటకీయం’ అన్న మాటని తిట్టులా వాడటం కూడా నాకు బాధ కలిగిస్తుంది. ఈ జిల్లాల్లో నాటకం మీద బతికిన మనుషుల మధ్య పెరిగాను. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల నుంచే ఎస్వీ రంగారావు గారు, అంజలీదేవి గారు సినిమాలకి వెళ్ళారు. మైకు అందని చివరి వరసవాడికి గుసగుస వినిపించాలంటే ఆ గుసగుసని కూడా గట్టిగా పలకాలి. అది స్టేజీ అడిగిన సహజత్వం. కెమెరా మొహానికి జానెడు దూరంలో పెడితే అది అడిగేది వేరు. రెండూ నేర్చుకోవలసిన విద్యలే.

ఇక్కడే ఆ మాట పుట్టుక గుర్తు చేసుకోవాలి. సహ అంటే కూడా, జ అంటే పుట్టినది. సహజం అంటే మనిషితో పాటు పుట్టినది. పోతన గారు తన భాగవతం గద్యల్లో ‘సహజపాండిత్య’ అని చెప్పుకున్నారంటే, గురువు దగ్గర నేర్చింది కాదు, పుట్టుకతో అబ్బింది అని. సినిమాలో ఈ మాట బిరుదుగా మారింది. జయసుధ గారిని సహజనటి అన్నాం, నానిని నేచురల్ స్టార్ అంటున్నాం. అభిమానంతో ఇచ్చిన బిరుదుల మీద నాకు పేచీ లేదు. చిక్కెక్కడంటే, బిరుదు వచ్చాక సమీక్షకుడు చూడటం మానేస్తాడు. టైటిల్ కార్డులో ఉన్న మాటే రివ్యూలోకి దిగుతుంది. పుట్టుకతో వచ్చిందని ఒప్పేసుకున్నాక ఆ నటి ఆ సీనులో ఏం చేసిందో, ఎన్నేళ్ళు కష్టపడితే అది వచ్చిందో అడిగేవాడు ఉండడు.

ఇంకో ముఖ్యమైన సంగతి, కొత్తవాళ్ళు అస్తమానం మర్చిపోయేది: గొంతు ఎవరిదో చూసుకోండి. తెలుగు రాని హీరోయిన్‌కి వేరొకరు డబ్బింగ్ చెబుతారు. రివ్యూలో ‘సంభాషణలు సహజంగా పలికింది’ అని హీరోయిన్ పేరు మీద పడుతుంది. మైకు ముందు నిలబడి, ఆ పెదాలకి సరిపోయేలా ఊపిరి కూడా కొలిచి వదిలిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారిణులకి ప్రత్యేకంగా బహుమతి ఇచ్చేవారు. అంటే అది వేరే విద్య అని ప్రభుత్వమే ఒప్పుకుంది. సమీక్షకులు కూడా ఒక వాక్యం రాస్తే పోయేదేముంది?

మేకప్ గురించి ఎక్కువ చెప్పను. తెల్లగా ఉన్న అమ్మాయికి నల్లరంగు పూసి, జుట్టు రేపి, ‘డీ-గ్లామర్ పాత్రలో సహజంగా కనిపించింది’ అని రాసే అలవాటు మాత్రం మీరు నేర్చుకోవద్దు. పేదరాలి ఒంటిరంగు అదేనని ఒప్పుకుని రాస్తున్నట్టు అవుతుంది.

సరే, మరి ఎలా రాయాలి? నాకు బడి పాఠమే దారి చూపించింది. పదో తరగతి పిల్లలకి స్వభావోక్తి అలంకారం చెబుతాం: ఉన్నదాన్ని ఉన్నట్టు కళ్ళకు కట్టేలా వర్ణించడం. సంస్కృత ఆలంకారికుడు దండి తన కావ్యాదర్శంలో దీన్ని మొదటి అలంకారం అన్నాడు. తర్వాత వచ్చిన మరో ఆలంకారికుడు కుంతకుడు ఒప్పుకోలేదు, స్వభావం అన్నది అలంకరించవలసిన వస్తువే గానీ అలంకారం ఎలా అవుతుంది అని వాదించాడు. ఆ పంచాయితీ అలా ఉంచండి. క్లాసులో చెప్పే జింకల ఉదాహరణ గుర్తు తెచ్చుకోండి. అందులో బెదురు చూపులున్నాయి, నిక్కిన చెవులున్నాయి, చెంగున దూకడం ఉంది. ‘జింకలు సహజంగా ఉన్నాయి’ అన్న ముక్క లేదు. చూసింది చెబితే చాలు, సహజం అనుకోవడం చదివేవాడి వంతు.

నా దగ్గరకు రివ్యూలు చూపించుకోవడానికి వచ్చే పిల్లలతో నేను చేయించే పని ఒకటుంది. రాసింది తెచ్చాక ‘సహజ’ అన్న మాట ఉన్నచోటల్లా పెన్సిలుతో సున్నా చుట్టమంటాను. ఒక్కో సున్నా దగ్గర ఆగి ‘నువ్వు ఏం చూశావు?’ అని అడుగుతాను. ఈ మధ్య ఒకమ్మాయి ‘తల్లి పాత్రలో ఆమె నటన చాలా సహజంగా ఉంది’ అని రాసింది. అడగ్గా అడగ్గా చెప్పింది: కొడుకు ఉద్యోగం పోయిందని చెబుతాడు. తల్లి వెంటనే తిరగదు. గిన్నెలో గరిటె ఇంకో రెండుసార్లు తిప్పుతుంది, మంట తగ్గిస్తుంది, చెయ్యి కొంగుకి తుడుచుకుంటుంది, అప్పుడు వాడి వైపు తిరిగి “అన్నం తిన్నావా?” అంటుంది. అది రాసెయ్యమ్మా అన్నాను. రాసింది. ఆ నాలుగు వాక్యాలు చదివాక సహజం అనే మాటకి అక్కడ చోటే లేదు. చదివినవాళ్ళలో ఒకరిద్దరు ఆ సీను కోసమే సినిమాకి వెళ్ళామని ఆ అమ్మాయికి చెప్పారట.

ఆ మాట వాడి తీరాలనిపిస్తే, ఎవరికి సహజమో చెప్పండి. ‘ఊళ్ళో పుట్టి పదేళ్ళు హైదరాబాదులో ఉన్నవాడి మాటతీరుగా ఇది సహజం’ అనండి. అప్పుడు ఎవరైనా మీతో వాదించడానికి వీలుంటుంది. వాదించడానికి వీలున్న వాక్యమే విమర్శ అవుతుంది. తెలియని బతుకు తెర మీద ఉన్నప్పుడు ‘నాకు నమ్మబుద్ధేసింది’ అని రాయండి. అది మీ గురించి మీరు చెప్పే నిజం, ఎవరూ కాదనలేరు. వీలైతే ఆ బతుకు తెలిసినవాళ్ళని అడిగి రాయండి. ఆ రోజు పంటు దిగాక నేను ఆ పనే మొదలుపెట్టాను. సముద్రం ఉన్న సినిమా వస్తే ఇప్పటికీ ఆయనకి ఫోన్ చేస్తాను. ఆయన టీవీలో వచ్చేదాకా ఆగి చూసి చెబుతానంటే, అంతవరకు ఆ ఒక్క వాక్యం రాయకుండా ఆపుతాను.

మీరు మీ డ్రాఫ్టులోంచి ఒక వాక్యం పెట్టి ఎలా ఉందని అడిగారు: ‘హీరో మన భీమవరం యాసని సహజంగా మాట్లాడలేదు.’ ఇందులో మీ తప్పేమీ లేదు, కాకపోతే సగమే రాశారు. కింద మీరే ఇంకోటి చెప్పారు చూడండి, చేపల చెరువు గట్టు మీద నిలబడి తండ్రితో మాట్లాడుతూ ‘రేపు వస్తాను నాన్నా’ అని టీవీలో వార్తలు చదివినట్టు పలికాడని, మీ పక్క సీట్లో మీ నాన్నగారు “వీడు ఎవరింటికి వచ్చాడ్రా?” అన్నారని. సహజం అన్న వాక్యం కొట్టేసి, ఆ చెరువు గట్టు, మీ నాన్నగారి మాట రాయండి.